చేర్పుల గడి

2 మార్చి 1998, ప్రొద్దుటూరు

హైదరాబాదులో మా గణాంక శాఖ శిక్షణ ముగించుకుని ఇల్లు చేరాను. ఇన్నాళ్ళూ దుడ్ల లెక్క ఒక పుస్తకంలో, చెట్ల లెక్క, నీళ్ళ లెక్క ఇంకో పుస్తకంలో ఉండేవి. ఇకమీదట అన్నీ కలిపి ఒకే పద్దు రాయాలట. అడవి కొట్టి అమ్మితే దేశానికి ఆదాయం వచ్చిందని రాసుకుంటున్నాం గానీ, అడవి తగ్గిందని ఎక్కడా రాయడం లేదట. పాఠం చెప్పినాయన దీన్ని నిన్ననే కనిపెట్టినట్టు చెప్పాడు. మా నాయన నాకు పదేళ్ళప్పుడే చెప్పాడు. గల్లాపెట్టె నిండిందని అంగట్లో నేను ఎగిరితే చెవి మెలేసి, "బీరువా ఖాళీ అయింది చూసినావా?" అన్నాడు. ఉన్న సరుకు అమ్ముకుని, దాన్నంతా లాభమనుకునేవాడు శెట్టి కాడని ఆయన సిద్ధాంతం.

ప్రయోగానికి మన జిల్లాలో పులివెందుల పక్కన రెండూళ్ళు ఎంచారు. మనిషిగా నన్ను ఎంచారు. ఎందుకో నాకు తెలుసు. పోయిన నెల జమ్మలమడుగు ఆఫీసులో మా పెద్దసారును పేకాటలో ఓడించాను.

5 మార్చి

ఊళ్ళ పేర్లు ఎగువపల్లె, దిగువపల్లె అని చెప్పగానే లక్ష్మీదేవి చేతిలో గరిటె కింద పడేసింది. "ఉన్న మొగుడు ఒక్కడే గదండీ" అంది.

రెండూళ్ళకూ మధ్య వంక. రెండూళ్ళకూ పడదు. పోయినేడు ఎగువపల్లె వాళ్ళ చీనీ తోట, అదే బత్తాయి తోట, ఒకటి దిగువపల్లె వాళ్ళు నరికారు, దిగువపల్లె తోట ఒకటి ఎగువపల్లె వాళ్ళు నరికారు. ఎగువపల్లె ఏ పార్టీలో చేరితే దిగువపల్లె రెండో పార్టీలో చేరుతుంది. పార్టీలు అటూ ఇటూ మారాయి గానీ వంక మాత్రం అక్కడే ఉంది.

నాకేం భయం లేదు. ప్రొద్దుటూరుకు ట్రాన్స్‌ఫర్ అర్జీ పెట్టుకున్నది వేరే కారణానికి. నాకు ఎండ పడదు.

11 మార్చి

మొదటిరోజు. జీపు డ్రైవరు కమాల్ బాషా పులివెందుల దాటగానే బండి పక్కకు ఆపి గీతోపదేశం చేశాడు.

"సార్, ఈడ ఎవురింట్లోనూ నీళ్ళు తాగొద్దు. ఎవురి నీళ్ళు తాగితే వాండ్ల పార్టీ అంటారు. టీ కూడా అంతే. హోటళ్ళు గూడా రెండుండాయి."

"మరి దాహమైతే?"

"పులివెందుల్లో తాగల్ల సార్."

నీళ్ళ లెక్క రాయడానికి పోయినవాడు నాలుక పిడచకట్టుకుని తిరిగొచ్చాడు. బజారులో పది లీటర్ల ప్లాస్టిక్ క్యాన్ కొన్నాను.

ఎగువపల్లె పెద్ద గురప్ప. తాతలు జీవాలు మేపారు, ఈయన చీనీ తోటలు వేశాడు. నరికిన తోట ఈయనదే. మంచం మీద కూర్చోబెట్టి, నా కాగితాలు తిప్పి చూసి, "చెట్లు లెక్కబెట్టేది యాలప్పా? కొట్టేదానికా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు కాబట్టి నేనూ నవ్వలేదు. పట్టిక చూపించాను. చెట్లకు నాలుగు గడులు: మొదట ఉన్నవి, చేర్పులు, తీసివేతలు, చివరికి మిగిలినవి. ఊరు ఊరికి వేరే పట్టిక ఉండదు, వంక కింద నీళ్ళు ఒకటే కాబట్టి రెండూళ్ళకూ కలిపి ఒకే వరుస. ఆ మాట మాత్రం నేను చెప్పలేదు. మొదటిరోజే ఎందుకని.

19 మార్చి

దిగువపల్లె బావులు కొలిచాను. వంక గట్టునే పెద్దసుబ్బమ్మ అనే ఆమె తోట ఉంది. మొగుడు పోయాక బావి ఎండిన ఏట బిందెలతో నీళ్ళు మోసి బతికించుకున్న చెట్లు. చిన్న తోటే. ఇంత పచ్చగా ఉన్నది ఈ రెండూళ్ళలో నేను చూడలేదు. టేపు బావిలోకి వదులుతుంటే చెంబుతో నీళ్ళు తెచ్చింది. వద్దన్నాను.

"నా నీళ్ళు కొలుస్తావు, తాగవా? ఇదేం సదువు శెట్టీ?"

క్యాన్ చూపించాను. దాన్ని ఎగాదిగా చూసి, "యాడినుంచి మోసుకొచ్చినావు? ప్రొద్దుటూరు నుంచా? పెన్న నీళ్ళు పాపాగ్ని ఏటికి చూపిచ్చేదానికా?" అంది. కమాల్ బాషా జీపులో తల దాచుకుని నవ్వాడు.

ఆమె పుట్టిల్లు ఎగువపల్లేనట. గురప్ప వరుసకు తమ్ముడు. గొడవలు మొదలైనప్పటినుంచి ఆ గడప తొక్కలేదట.

2 ఏప్రిల్

ఇవాళ ఆఫీసులో దుడ్ల పద్దు వేశాను. వేసి, తప్పు పడిందేమోనని మళ్ళీ వేశాను. తప్పు లేదు. తోటలు నరికిన ఏడు ఈ రెండూళ్ళ ఆదాయం పెరిగింది! కొట్టినవాళ్ళ కూలి, కట్టెలు మోసిన లారీ బాడుగ, ప్లీడర్ల ఫీజులు, పోలీసు క్యాంపుకు వండిన బిర్యానీ, అంతా ఆదాయమే. ఈ లెక్కన ఇంకో నాలుగు తోటలు నరుక్కుంటే రెండూళ్ళూ బంగారమైపోతాయి. బీరువా ఖాళీ అయింది చూసినావా అని నాయన అడిగినట్టే ఉంది.

పక్కన చెట్ల పట్టికలో చేర్పుల గడి నిండా అడ్డగీతలు. నరికినప్పటినుంచి ఒక్కడూ ఒక్క మొక్క నాటలేదు. నాటితే రేపు వాళ్ళు నరుకుతారు గదా అని.

3 ఏప్రిల్

ఎండ. క్యాన్ చాలలేదు.

14 ఏప్రిల్

మోళ్ళ లెక్క పూర్తయింది. పెద్దసారు ఉజ్జాయింపుగా రాసి పంపమన్నాడు గానీ, నేను మోడు మోడుకూ సున్నం బొట్టు పెట్టించి లెక్కించాను. గురప్ప తోటలో పోయిన చెట్లు దిగువపల్లెలో పోయిన వాటికంటే ముప్పై ఎనిమిది ఎక్కువ. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు! ఇంత నిక్కచ్చిగా లెక్క తీసినవాడు జిల్లాలో ఇంకొకడు లేడని నా మనసుకు అనిపించింది. మనసులోనే ఉంచుకున్నాను. పులివెందుల బస్టాండు దగ్గర టీ తాగుతూ కమాల్ బాషాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అదీ చిన్న గొంతుతో.

16 ఏప్రిల్

కమాల్ బాషా ఇవాళ దారంతా మాట్లాడలేదు.

17 ఏప్రిల్

ఇవాళ మాట్లాడాడు. వినకపోయినా బాగుండేది.

ఇన్నాళ్ళూ తోటకు తోట అనుకుని, చెల్లుకు చెల్లు అని రెండు పక్కలా ఊరుకున్నారు. శ్రావణంలో గండి ఆంజనేయస్వామి దగ్గర రాజీ మాట్లాడుకోవడానికి పెద్దమనుషులు కుదిర్చారు. ఇప్పుడు గురప్ప ఒప్పుకోడట. చెల్లు కాలేదట. దిగువపల్లె వాళ్ళు ముప్పై ఎనిమిది చెట్లు బాకీ అంట. ఆ బాకీ తీరాక రాజీ అంట.

"ఎట్ల తీరుతాది?" అన్నాను.

"ఎట్లేముంది సార్, నరికితే తీరుతాది. వంక గట్టున పెద్దసుబ్బమ్మ తోట ఉంది గదా, లెక్కకు సరిపోతాదని చూసుకున్యారంట."

ఆ లెక్క గురప్పకు ఎవరు చెప్పి ఉంటారు? ఎవరైనా లెక్కపెట్టుకుని ఉండొచ్చు. మోళ్ళు అక్కడే ఉన్నాయి, సున్నం బొట్లు కూడా ఉన్నాయి. ఆ టీ బంకులో చాలామందే ఉన్నారు గానీ నా గొంతు చిన్నదే.

18 ఏప్రిల్

లక్ష్మీదేవిని అడిగాను. నా గొంతు చిన్నది కాదట. మా పెళ్ళిచూపుల్లో నేను అల్లం పచ్చడి బాగుందని గుసగుసగా చెబితే పక్కింటివాళ్ళు ఒక గిన్నెడు తెచ్చిచ్చారట.

24 ఏప్రిల్

దిగువపల్లెకు పోకుండా ఎగువపల్లె పని ముందు చేసుకుందామని చూశాను. పెద్దసుబ్బమ్మ వంక దాటి వచ్చి జీపుకు అడ్డం నిలబడింది.

"దిగు శెట్టీ."

దిగాను.

"కత్తి పట్టుకున్నోడు పోయినేడు నా తోట జోలికి రాలేదు. నువ్వు కాగితం పట్టుకోని వచ్చి నరికిపోతివి గదా!"

"నేను నరికింది లేదమ్మా, లెక్క రాసినా, అంతే."

"లెక్క రాసినోడివి నోరు మూసుకోని రాసుకోవాల. నోరు మంచిదైతే ఊరు మంచిదని మీ బజారులో ఎవురూ చెప్పలేదా?"

ఏడవలేదు ఆమె. ఏడ్చి ఉంటే నేనేదో ఓదార్చి బయటపడేవాణ్ణి. చేతులు వెనక్కి కట్టుకుని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. నాకు సిగ్గేసింది. అవును, నేనే చెప్పాను. బస్టాండంతా వినేటట్టు, గొప్పలకు పోయి చెప్పాను.

"నీ తోట నిలబెడతా" అన్నాను.

"ఎట్ల?"



30 ఏప్రిల్

అంకె మార్చేస్తే? ముప్పై ఎనిమిది తప్పు పడింది, రెండు పక్కలా సమానమే అని చెబితే? సున్నం బొట్లు ఉన్నాయి. గురప్ప మనుషులు ఈపాటికి వాటిని నాలుగుసార్లు లెక్కపెట్టి ఉంటారు. పోలీసు క్యాంపుకు చెబితే ఇద్దరిని కాపలా పెడతారు, ఆ ఇద్దరూ బిర్యానీ తిని పోయాక మళ్ళీ మామూలే. కొరివితో తల గోక్కున్నాను.

ట్రాన్స్‌ఫర్ అర్జీకి గుర్తుచేస్తూ ఇంకో అర్జీ పెట్టాను. ఎండ వల్లే.

9 మే

పొద్దున్నే గురప్ప ఇంటికి నేనే పోయాను. పట్టిక రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. గాలి వీస్తోంది కాబట్టి గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది.

"రా శెట్టి సారూ" అన్నాడు గురప్ప సంబరంగా. "నీ పుణ్యాన అసలు లెక్క తేలింది. నువ్వు సర్కారు మనిషివి, నీ లెక్కకు ఎదురులేదు. ముప్పై ఎనిమిది బాకీ."

"బాకీయే అన్నా. కాదనడంలేదు. వసూలు చేసుకుంటే నీ గడిలో ఎన్ని చేరతాయి?"

"ఏం చేరతాయి?"

"సుబ్బమ్మ తోట నరికితే నీ తోటలోకి ఎన్ని చెట్లొస్తాయి అంటాండా."

"నాకెట్లొస్తాయప్పా? వాండ్లకు పోతాయి గానీ."

పట్టిక మంచం మీద పరిచాను. తీసివేతల గడి మీద వేలు పెట్టాను. "నీయి పోయినా ఈ గడిలోకే, వాండ్లయి పోయినా ఈ గడిలోకే. రెండూళ్ళకూ వరుస ఒకటే. నువ్వెంత నరికినా ఈ గడే పెరుగుతాది, మిగిలింది తగ్గుతాది. చెల్లు అనేది దీంట్లో లేదన్నా."

"సర్కారోళ్ళకు చెల్లుకు చెల్లు తెలీదు, దానికి నేనేం జేసేది?"

అప్పుడు నాకు మా నాయన అంగడి గుర్తొచ్చింది. భయం కూడా మర్చిపోయాను. "గురప్పన్నా, మేము అప్పులిచ్చి వసూలు జేసుకునే జాతి. బాకీ వసూలంటే సరుకు మా అంగట్లోకి రావాల. ఎదుటోని అంగడి తగలబెట్టి నా బాకీ తీరిందనుకునే శెట్టిని ప్రొద్దుటూరులో ఒక్కణ్ణి చూపీ! ముప్పై ఎనిమిది నీకు రావాలంటే వాండ్లు నీకు చెట్లియ్యాల. దానికీ ఒక గడి ఉంది. ఇదిగో, చేర్పులు. రెండు నెల్లుగా అడ్డగీతలు కొట్టి కొట్టి నా చెయ్యి నొస్తాంది."

పిల్లిలా జారుకుందామా అనుకున్నాను. గురప్ప పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన నవ్వాక నవ్వారు.

"వసూలు మాట బాగుంది. దానికి నేను ఒప్పుకుంటా. అయితే నా చేన్లోకి దిగువపల్లె మొగోడు అడుగుపెడితే ఊరుకోను. పోయి మొక్కలు తెచ్చుకునేదానికి నేను వాండ్ల గడప తొక్కను. ఎట్ల తెస్తావో తే."

పోయేటప్పుడు మజ్జిగ ఇవ్వబోయాడు. క్యాన్ చూపించాను.

12 మే

దిగువపల్లె పెద్ద కాటమయ్య దగ్గర ఎదురుదెబ్బ. "మొక్కలిస్తే తప్పు కట్టినట్టు గదా సామీ. దిగువపల్లె తప్పు కట్టిందంటే మేము తలెత్తుకోని తిరగల్లా వద్దా?"

ఒకడు ఇచ్చాడంటే ఓడినట్టు, ఇంకొకడు పోయి తెచ్చుకున్నాడంటే ఓడినట్టు. పిలిచి పిల్లనిస్తానంటే కులం తక్కువన్నట్టుంది వీళ్ళ వ్యవహారం.

13 మే

ఏమీ తోచలేదు.

28 మే

లక్ష్మీదేవితో రభస. జమ్మలమడుగులో వాళ్ళ అన్న కూతురి సీమంతానికి పోతానంటుంది. ఈ ఎండలో ఎందుకు, ఆ అన్నకూ నాకూ మాటల్లేవు గదా అన్నాను. నిజానికి ఆమె లేకపోతే నాకు అన్నం దిగదు. ఆ సంగతి చెప్పలేక అన్నను అడ్డం పెట్టుకున్నాను.

"మీకూ ఆయనకూ మాటల్లేకపోతే నాకేంది? ఆడబిడ్డ పుట్టింటికి పోయేదానికి ఎవురి పర్మిషన్ కావాల? పగోడైనా దావ ఇడుస్తాడు" అని సారె సంచి సర్దుకుంది. గాజులు, పసుపు, చీర, పళ్ళు.

నేను ఆ సంచికేసి చూస్తూ కూర్చున్నాను. చూసి చూసి, "పో, పో, బిన్నా పో!" అని అరిచాను. అంత సంతోషంగా పంపుతున్నందుకు ఆమెకు అనుమానం వచ్చింది.

1 జూన్

ముందు పెద్దసుబ్బమ్మకు చెప్పాను. పుట్టింటికి పోతావా అని. వంక అవతలికి చూసింది.

"మా అమ్మ పోయినప్పుడు గూడా పోలేదు శెట్టీ. ఈ గట్టు మీద నిలబడి పొగ చూసినా."

నా నోటికి మాట రాకపోవడం ఇదే మొదటిసారని కమాల్ బాషా అన్నాడు.

తర్వాత ముగ్గురమూ కాటమయ్య దగ్గరికి పోయాం. ఆమే మాట్లాడింది. "బావా, నేను పుట్టింటికి పోదామనుకుంటాండా."

కాటమయ్య నన్ను చూశాడు, ఆమెను చూశాడు. తెలివైనవాడు, మాట ఎక్కడికి పోతున్నదో అర్థమైంది. మీసం నిమురుకుంటూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర కర్రలు పట్టుకున్న నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళ వైపు విసుగ్గా చేయి విసిరాడు.

"సామీ, నేను చెంబు తీసుకోని చేన్లోకి పోయినా ఈ నలుగురూ నా ఎనకాలే. ఏండ్లయింది సామీ, నెమ్మదిగా కూర్చుని!" నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆయనే మళ్ళీ అన్నాడు: "తప్పు నేను కట్టను. అది వేరే మాట. మా ఊరి కోడలు ఇన్నేండ్లకు పుట్టింటికి పోతా ఉత్త చేతుల్తో పోతే మాకు మర్యాదా? కోడూరు నర్సరీ నుంచి చీనీ అంటుమొక్కలు తెప్పిస్తా. ఎన్ని అనేది నాకు చెప్పొద్దు. ఆ శెట్టి నోరు ఎట్లాగూ ఆగదు, లారీ వానికి చెప్పమను."

16 జూలై

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. ప్రొద్దుటూరు! ఇంటికి నడిచిపోయేంత దూరం. వచ్చే నెలాఖరులోగా చేరాలి.

సంతోషంగానే ఉంది.

20 జూలై

ట్రాన్స్‌ఫర్ రద్దు చేయమని అర్జీ పెట్టాను. ఏం లేదు, ప్రొద్దుటూరు ఆఫీసులో ఫ్యాన్లు సరిగా తిరగవట.

8 ఆగస్టు, శ్రావణ శనివారం

గండి. ఇసుక వేస్తే రాలనంత జనం. స్వామి ముందు రెండు పక్కలా కూర్చున్నారు. ఇవాళ నేను నోరు తెరవకూడదని లక్ష్మీదేవి ఒట్టు వేయించుకుని పంపింది, అందుకని నోట్లో లడ్డు పెట్టుకుని కూర్చున్నాను. బాకీ మాట ఎవరూ ఎత్తలేదు. మొక్కల మాటా ఎత్తలేదు. "మా అక్క ఇంటికొస్తాందంట" అన్నాడు గురప్ప ఎటో చూస్తూ. "మా కోడల్ని పంపిస్తాండాం" అన్నాడు కాటమయ్య ఇంకెటో చూస్తూ. ఇద్దరూ స్వామి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశారు. సుబ్బమ్మ తోట నిలిచింది. రాజీ అంటే ఇంతేనా అని కమాల్ బాషాకు నిరాశ.

20 ఆగస్టు

నిన్న మంచి వాన. ఇవాళ పెద్దసుబ్బమ్మ పుట్టింటికి పోయింది.

ఆమె ఇంటినుంచి ట్రాక్టరు కదిలింది. ట్రాలీలో అంటుమొక్కలు, మధ్యలో ఆమె కొత్త చీర కట్టుకుని పెళ్ళికూతురిలా కూర్చుంది. వంకలో కొత్తనీళ్ళు పారుతున్నాయి. ఎగువపల్లె మలుపులో జనం నిలబడ్డారు. దాచేదేముంది, ఒక్క నిమిషం నాకు భయమేసింది. గురప్ప భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళ మీద పోసింది. సుబ్బమ్మ గడప పట్టుకుని అక్కడే కూలబడి బిగ్గరగా ఏడ్చింది. గురప్ప, "ఏందక్కా, మొక్కలు ఎండిపోతాండాయి, లెయ్యి" అని కసిరాడు. ఆయన కళ్ళూ బాగాలేవు.

మోళ్ళ మధ్యలో నాటారు. ముప్పై ఎనిమిది.

సాయంత్రం బయలుదేరేటప్పుడు గురప్ప అడ్డం వచ్చాడు. "ఆడబిడ్డ పుట్టింటినుంచి ఉత్త ఒడితో పోతాదా?" అన్నాడు. ఆయన భార్య సుబ్బమ్మ ఒళ్ళో బియ్యం పోసింది. గురప్ప అప్పుడే నాటిన అంటుమొక్కల్లోంచి ఒకటి మట్టితో సహా పెళ్ళగించి, దాన్నీ ఆమె ఒళ్ళో పెట్టాడు. "నీ తోటలో పెట్టుకోక్కా" అన్నాడు. ఆమె దాన్ని దారి పొడవునా చంటిబిడ్డలా పట్టుకుంది.

ఇంటికొచ్చి చేర్పుల గడిలో అడ్డగీత కొట్టేసి ముప్పై ఎనిమిది అని రాశాను. మొక్క ఆ గట్టున ఉన్నా ఈ గట్టున ఉన్నా వరుస ఒకటే, మొత్తం మారదు.

"క్యాన్ ఏదండీ?" అంది లక్ష్మీదేవి. చూస్తే పొద్దున వంటింట్లో మర్చిపోయిన క్యాన్ అక్కడే ఉంది. మరి రోజంతా ఏం తాగాను? పొద్దున సుబ్బమ్మ ఇంట్లో నీళ్ళు తాగాను, మధ్యాహ్నం గురప్ప ఇంట్లో మజ్జిగ తాగాను, రెండు హోటళ్ళలోనూ టీ తాగాను. నన్ను ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు.

పడుకోబోతూ ఒక సంగతి తట్టింది. ముప్పై ఎనిమిదిలో ఒకటి వెనక్కి పోయింది. గురప్ప లెక్క ప్రకారం దిగువపల్లె ఇంకా ఒక చెట్టు బాకీ. ఈ సంగతి ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పను. కమాల్ బాషాకు కూడా.